నల్లకు చింతపండు

లస్మవ్వది జైపూర్ దిక్కు ఊరు, కాపోళ్ల ఇల్లు. మొగడు పోయినంక, పందొమ్మిదివందల అరవై ఎనిమిదిల, బొగ్గుబాయిల పనిచేసే కొడుకు రాయమల్లు దగ్గరికి గోదావరిఖనికొచ్చింది.

మనిషి బంగారం. ఎవలకు జరమొచ్చినా కషాయం కాచిపోస్తది, నోరిప్పితే నవ్విస్తది. ఒక్కటే పట్టింపు, అంటు. ఊళ్లె మాదిగోళ్లకు నీళ్లు పొయ్యాల్నంటే ఎత్తుమీదికెల్లి దోసిట్ల పోసిన చెయ్యి ఆమెది. ఖనిల అది నడవలే. క్వార్టర్ల లైనుకంతటికి ఒక్కటే ఇత్తడి నల్ల. ఎవలు ముందొస్తే వాళ్ల బిందె ముందు. ఎప్పుడు సూసినా ఈమె ముంగట సారవ్వ బిందె ఉండేది. సారవ్వ మాదిగామె. ఆమె మొగడు ఎల్లేశం, రాయమల్లు బాయిల ఒక్క బొగ్గుటబ్బు నింపే జోడి, సద్ది గూడ పంచుకునేటోళ్లు. తల్లికి మాత్రం చెప్పలే.

లస్మవ్వ తన వంతు రాంగనే నల్లను చింతపండు పెట్టి తోమేది. కడిగినంకనే బిందె పెట్టేది.

"పెద్దవ్వా, నల్లకేమన్న లగ్గమా, గంత ముస్తాబు చేస్తున్నవు?" అని సారవ్వ అంటే ఆడోళ్లంత నవ్వేటోళ్లు. లస్మవ్వ గూడ నవ్వేది. తోముడు మాత్రం ఆపకపోయేది.

ఒక ఎండకాలం రాయమల్లుకు సంబంధమొచ్చింది, పిలగాన్ని సూసిపోతనని పిల్లతండ్రి బిక్షం కబురువెట్టిండు. ఆయన వచ్చేనాడే నీళ్లు అర్ధగంటనే వచ్చినయి. లస్మవ్వ తోమి తోమి బిందె పెట్టేసరికి నల్ల గుర్రుమని బందయింది. ఇంట్ల చెంబెడు నీళ్లు లేవు. మొదటి షిఫ్టు దిగి కొడుకొచ్చిండు, కండ్లు పండ్లు తప్ప ఒళ్లంత బొగ్గే. గిట్ల సూస్తే పిల్లనెవడిస్తడని లస్మవ్వకు ఏడుపొక్కటే తక్కువ.

అడగకముందే సారవ్వ రెండు బిందెలు తెచ్చి గడప అవుతల దించింది. తానానికేనాయె, తీసుకోమన్నది. లస్మవ్వ బిందెలు లోపటికి తీసుకపోయింది.

ఒక బిందె కొడుకు తానానికైపోయింది. ఆయన తల దువ్వుకుంటుండంగనే బిక్షం దిగిండు. గోదావరి ఇసుకల నడిచొచ్చిండేమో, నాలుక పిడచగట్టింది. కూసోకముందే మంచినీళ్లడిగిండు.

ఉన్నది ఆ రెండో బిందెనే. చెప్పకుండ ఇయ్యొచ్చు, ఎవలకెరుక? లస్మవ్వ చెంబు ముంచి తెచ్చి, చేతికియ్యకముందే చెప్పింది.

"అన్నా, ఇవి సారవ్వ నీళ్లు. మాదిగామె. తాగితే తాగు, లేకుంటే రేపు నల్లొచ్చేదాక ఆగాలె."

బిక్షం పిలగాని దిక్కు సూసిండు, చెంబు దిక్కు సూసిండు.

"రేపు నా బిడ్డ నీళ్లు పట్టేది గీ నల్లకాడనే గద, చెల్లె" అని చెంబందుకున్నడు. గటగట తాగి, ఇంకో చెంబడిగిండు.

లస్మవ్వ వాకిట్లకు మొకం పెట్టింది. ఖాళీ బిందె కోసమొచ్చిన సారవ్వ గడప అవుతల్నే ఉన్నది. "సారవ్వా, గక్కడ్నే నిలవడ్డవేందే? లోపటికి రా. నాక్కూడ గొంతెండుతాంది, ముంచియ్యి."

సారవ్వ ముంచిచ్చింది. లస్మవ్వ తాగి, కొంగుతోటి మూతి తుడుసుకొని, లగ్గం ఎప్పుడు పెట్టుకుందమని బిక్షాన్నడిగింది.