బోటనీకి కలుపు వంతు

ఇంటర్ మొదటి సంవత్సరంలో బోటనీ, జువాలజీ నన్ను పెట్టిన తిప్పలు పగవాళ్లకి కూడా వద్దు. చదవక కాదు. అరకులో మా హాస్టలు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ, చెవుల్లో వేళ్లు పెట్టుకుని గట్టిగా చదివేదాన్ని. పుస్తకంలో గీత పడని వాక్యం ఉండేది కాదు. పరీక్షలో మొదటి మాట గుర్తొస్తే జవాబంతా వచ్చేది. ఆ మాట జారిపోయిందా, కాగితం తెల్లగా మిగిలేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రశ్నలు తిప్పి అడిగారని మొదట్లో పేపరు మీద కోప్పడ్డాను. వరసగా రెండు యూనిట్ టెస్టులు తప్పాక ఆ కోపం పోయి భయం పట్టుకుంది.

హాఫ్ ఇయర్లీలో కూడా తప్పిన వాళ్లని బైపీసీ నుంచి తీసేసి ఆర్ట్స్ గ్రూపులో వేస్తామని ప్రిన్సిపాల్ అసెంబ్లీలో చెప్పేశారు. నాకు ఉన్నది ఒకటే కోరిక, బీఎస్సీ నర్సింగు. గూడెం కొత్తవీధి అవతల కొండ మీద మా ఊరికి ఒక నర్సమ్మ ఎక్కి వచ్చేది. ఆయాసం తీరకుండానే సూదిమందు బయటికి తీసేది. మిగతా పిల్లలు పారిపోతే నేను ఆవిడ మందుల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. బైపీసీ పోతే ఆ దారి నాకు మూసుకుపోయినట్టే.

ఆ రెండో టెస్టులో మామిడిపండులో తినదగిన భాగం ఏదని అడిగారు. క్లాసంతా 'మధ్య ఫలకవచం' అని రాసింది, అంటే మనం తినే గుజ్జు. మా కొండ వైపు నుంచి వచ్చిన ముగ్గురం మాత్రం దాని పక్కన 'విత్తనం' అని కూడా రాశాం. పేపర్లు ఇచ్చిన రోజు అందరూ ఒకటే నవ్వు. బోటనీ మేడమ్ శ్రీకాకుళం వైపు ఆవిడ. ఆవిడ నవ్వలేదు. నన్ను లేపి నిలబెట్టారు.

"ఏటే గుంటా, మీరు టెంక తింతారా?"

"టెంక కాదు మేడమ్, లోపల జీడి."

"సేదు కదే. ఎలాగ తింతారు?"

చెప్పాను. పండ్లు తిన్నాక టెంకలు ఎండబెట్టి దాస్తాం. వానల్లో, ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు, వాటిని పగలగొట్టి జీడి తీస్తాం. బూజు పట్టింది పారేస్తాం, అది తింటే ప్రమాదం. మంచివి దంచి, ఆ పిండిని గుడ్డలో కట్టి గెడ్డలో పారే నీళ్లలో ఉంచుతాం. నిలవ నీళ్లలో పెడితే చేదు అందులోనే తిరుగుతుంది, అందుకే పారే నీళ్లు కావాలి. చేదు విరిగాక అంబలి కాస్తాం.

మేడమ్ చివరిదాకా విన్నారు. "దీనికి నేను మార్కు ఇవ్వను. రేపు పబ్లిక్‌లోనూ ఎవులూ ఇవ్వరు. పుస్తకం ఏటి అడిగిందో అదే రాయాల" అన్నారు. కూర్చోబోతుంటే ఆపారు. "టెంక గురించి ఇప్పుడు సెప్పినావు కదా, ఎక్కడా తడుముకోలేదు. ఏది ముందు, ఏది ఎనక, ఎందుకు, అన్నీ సెప్పినావు. కిరణజన్య సంయోగక్రియ కూడా అలాగే సెప్పు, సూద్దాం. పుస్తకం మూసీ."

మొదటి వాక్యం వచ్చింది. తరవాత నీళ్లు నమిలాను.

"అదీ సంగతి. నీకు నోటికొచ్చింది, బుర్రకెక్కలేదు. కూకో."

ఏడుపొచ్చింది. కానీ తాడు ఎక్కడ తెగుతోందో ఆ రోజే నాకు తెలిసింది. అంతవరకు నాకు బుర్ర లేదనే అనుకున్నాను, అది కాదని తెలియడమే సగం ఊరట.

మా ఊళ్లో చోడిచేను, అంటే రాగిచేను, కలుపుకి వంతులుంటాయి. ఇవాళ అందరం ఒకరి చేలో దిగితే, రేపు ఇంకొకరి చేలో. ఎవరి చేనైతే వాళ్లే అంబలి పోయాలి. ఆ వంతే మేం ముగ్గురం బోటనీకి, జువాలజీకి పెట్టుకున్నాం. పొద్దున్నే దుప్పట్లు కప్పుకుని వంటగది వెనక మెట్ల మీద చేరేవాళ్లం. మంచులో ఒకరి మొహం ఒకరికి సరిగా కనబడేది కాదు, సిగ్గు పడేవాళ్లకి అదీ మంచిదే. ఆ రోజు పాఠం ఎవరిదైతే వాళ్లు పుస్తకం కింద వేసుకుని దాని మీద కూర్చుని చెప్పాలి, మా ఇంటి మాటల్లోనే. అంబలికి బదులు వేయించిన పల్లీలు పెట్టాలి. పల్లీలు అయిపోగానే ఒకత్తెకి చదువు మీద మోజు తగ్గిపోయేది.

మిగతా ఇద్దరికీ తప్పుల కలుపు తీయడమే పని. ఒకరోజు నేను కప్ప గుండెలో మూడు గదులని చెప్పి గర్వంగా ఆగాను.

"మూడే అయితే మంచి రత్తం, సెడ్డ రత్తం కలిసిపోవేటే?" అని పల్లీల పిల్ల అడిగింది.

లేచి పుస్తకం తీసి చూస్తే, కలుస్తాయనే ఉంది. అంతకు ముందు ఆ వాక్యం కింద నేనే ఎర్రగీత గీసుకున్నాను.

కలుపు ఒకసారి తీస్తే పోదు, మళ్లీ మొలుస్తుంది. అందుకని వారం తిరిగేసరికి పాత పాఠం మళ్లీ చెప్పించుకునేవాళ్లం. బొమ్మలు సుద్దముక్కతో గచ్చు మీద చూడకుండా వేసి, భాగాల పేర్లు పెట్టి, అప్పుడు పుస్తకంతో సరిచూసేవాళ్లం. మొదట్లో నా మూత్రపిండం వంకాయలా వచ్చేది. చెయ్యి అలవాటు పడ్డాక వంకాయ పోయింది.

హాఫ్ ఇయర్లీలో వేరు నుంచి ఆకుదాకా నీళ్లు ఎలా ఎక్కుతాయో రాయమన్నారు. పుస్తకంలోని మొదటి వాక్యం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పాత రోజులైతే నా కథ అక్కడితో సరి. కానీ "ముందు ఎటు పోతాయే నీళ్లు?" అని మెట్ల మీద అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి రాసుకుంటూ పోయాను, ఇంకో కాగితం అడిగాను. ఆ కాగితం అందుకున్నప్పుడు నాకు కలిగిన ధీమా అంతా ఇంతా కాదు.

మార్కులు చెప్పేటప్పుడు మేడమ్ నా దగ్గర ఆగి, "గ్రూపు మారక్కర్లేదు" అన్నారు. మేం ముగ్గురం గట్టెక్కాం, పల్లీల పిల్ల అంచు మీద. అందరూ చూస్తుండగానే బల్ల మీద తల పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం నీకోసం ఎవరో వచ్చారని వాచ్‌మన్ కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే గేటు బయట నాన్న, భుజం మీద తాడు చుట్ట. ఇవాళ మార్కులు చెబుతారని ఫోన్లో చెప్పింది నేనే, కానీ అంత దూరం నుంచి వస్తాడని అనుకోలేదు.

"తాడేటి నాన్నా?"

"నీ పెట్టె కట్టడానికి" అన్నాడు. నా మొహం వైపు చూడకుండా తాడు సర్దుకున్నాడు. "తప్పితే నీకు ఇక్కడ మనసు నిలవదు కదా. ఒక్కదానివీ బస్సులో ఏడుసుకుంటూ రావాల్సొస్తాదని ఒచ్చేను."

"తప్పలేదు నాన్నా. బైపీసీలోనే ఉంటాను."

నాన్న తాడు తీసి నేల మీద పెట్టి, గేటు పక్క అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే బేగి ఎల్లు, క్లాసు పోద్ది" అన్నాడు. "నేనొక్కడినే పోతాను."