జామకాయలు అమ్మని జామకాయల అక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. శంషాబాద్ గ్రంథాలయంలో అర్థశాస్త్రం అలమారా మొత్తం చదివేశానన్న ధీమా అది (అందులో పుస్తకాలున్నవి రెండు అరలే, ఆ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు). అందుకే డిగ్రీ రెండో ఏడు మా అర్థశాస్త్రం మేడమ్, "నగరంలో విద్యార్థుల సదస్సుంది. మన కాలేజీ నుంచి ఒక పరిశోధన పత్రం పంపుతానని మాటిచ్చానండీ" అనగానే నా చెయ్యే ముందు లేచింది. డిగ్రీ పిల్లలకు పరిశోధనేమిటని తోటి అధ్యాపకులు నవ్వుతున్నారట. మేడమ్ మాట నిలబెట్టాల్సింది నేనేనని తెలిసి ఇంకా పొంగిపోయాను.

విమానాశ్రయం దారిలో, తొండుపల్లి దగ్గర పండ్ల బండ్ల వ్యాపారం నా అంశం. ఇస్త్రీ చొక్కా టక్ చేసి, మెడలో కాలేజీ కార్డు, చేతిలో కాగితాలు బిగించిన అట్టతో బయలుదేరాను. మొదట జామకాయల అక్క. "రోజుకు సగటు విక్రయమెంత?" అన్నాను. "ఏం అమ్ముడుపోతలేదు సారూ" అంది, అవతల ఎవరికో కాయలు తూస్తూనే. ఇరవై బండ్ల దగ్గరా అదే జవాబు. ఇరవై సున్నాలు! ఇంకొకరైతే అనుమానించేవారు. నేను గ్రంథాలయానికి పరుగెత్తి, గిరాకీ ఎందుకు చచ్చిపోయిందో పద్దెనిమిది పేజీలు రాశాను.

మేడమ్ ఓపిగ్గా అంతా చదివి, "బాగా రాశారు. మరి ఏమీ అమ్మనివాళ్లు రోజూ బండి తోసుకుని ఎందుకొస్తున్నారండీ?" అని మాత్రం అడిగారు. (ఆ రెండు అరల్లో దీనికి జవాబు లేదు.) సదస్సు నాలుగు రోజుల్లో ఉంది. మర్నాడు అట్ట లేకుండా, నలిగిన చొక్కాతో వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. గంటలో సగం బండి ఖాళీ.

"మొన్న ఏం పోతలేదన్నవు గదక్కా?"

అక్క పకపకా నవ్వింది. "గది నువ్వేనా! గట్ల టక్కు చేసి అట్ట పట్టుకొస్తే బండ్లు లేపే మున్సిపాలిటీ సారనుకున్నం. నిజం చెప్పి పరేషాన్ గావాల్నా? ఇగ కూసున్నవు గదా, జర ఉప్పుకారం పొట్లాలు కట్టు."

కట్టాను. ఆమె చెప్పాకే మిగతా బండ్లవాళ్లూ నోరు విప్పారు. పద్దెనిమిది పేజీలు పక్కనపెట్టి, సదస్సులో ఆ సున్నాల కథ, పొట్లాలు కడుతూ తెలుసుకున్న లెక్కలు చెప్పాను. హాలంతా నవ్వింది. అధ్యక్షులవారు మేడమ్ వైపు తిరిగి, "వచ్చే ఏడు ఇద్దరిని పంపండి" అన్నారు.

ఇప్పుడు నేనూ అర్థశాస్త్రమే చెబుతున్నాను, ఏటా పిల్లల్ని సదస్సులకు తీసుకెళ్తున్నాను. నా పేజీల మీద ఎర్రగీత పెట్టకుండా ఒక్క ప్రశ్నతో వదిలిన మేడమ్‌కు మనసులో దండం పెట్టుకోని ఏడాది లేదు. సాయంత్రాలు జామకాయలకు అదే దారిలో ఆగుతాను. నా టక్ చూసి అక్క అంటుంది: "ఇయ్యాల ఎన్ని అమ్మిన్నో రాసుకోవా సారూ?"

"రాసేదేముందక్కా, సున్నాయే గదా!"

ఆ సున్నాకు ఒక కాయ ఎక్కువే వేస్తుంది.