నేను మెచ్చుకున్న ఉపవాసం

సహోదరీ సహోదరులారా, ఈస్టరుకు ముందు గడిచిన శ్రమదినాలలో మా ఇంట్లోకి వచ్చిన చీకటిని నేను భక్తి అనుకున్నాను, అనుకొని నా నోటుబుక్కులో రోజుకొక గీత పెట్టాను. ఇంటర్ చదివే నా మనవరాలు రూతు నలభై దినాలూ పగలంతా ఉపవాసం ఉంటానంటే సంఘమంతటికీ చెప్పుకున్నాను. సాయంత్రం ప్రార్థన తరువాత మేమందరం తినేవాళ్లము, రూతు మాత్రం పళ్లెం తీసుకొని పెరట్లోకి వెళ్లి ఖాళీ పళ్లెంతో వచ్చేది. పెరట్లో కుక్క లావైంది, అదైనా నేను గమనించలేదు.

పంతొమ్మిదో దినం మధ్యాహ్నం ఇప్పపూలు ఆరబోసి లోపలికి వస్తే, రూతు ఫోన్‌లో ఒక ముఖాన్ని చూస్తూ కూర్చుంది.

“ఎవరే ఆమె?”

“నేనే నానమ్మా, ఫిల్టర్ పెట్టిన. నువ్వు గూడ రా.”

వంగి చూశాను. నా డెబ్భై మూడేళ్ల ముడతలు పోయాయి, కానీ అక్కడున్నది నా పడుచు ముఖం కాదు. మా ఇద్దరికీ ఒకే ముఖం. నేను నవ్వకపోయినా అది నవ్వుతోంది. నేను పక్కకు తప్పుకున్నాక, ఫోన్‌లో కనబడుతున్న దండెం మీది చీర మడతల్లో కూడా ఆ కళ్లే ఒక్క క్షణం తెరుచుకున్నాయి.

“గట్ల అయితదిలే. అందరు గిట్లనే ఉంటరు” అంది రూతు.

ఆ రోజు కూడా గీత పెట్టాను.

ఆదివారాలు తీసేస్తే ముప్పై మూడో దినం, శుక్రవారం, చర్చిలో పగటి ప్రార్థనలో పాట మధ్యలో రూతు కూలిపోయింది. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ, సరిగా తిని ఎన్ని రోజులైందని అడిగింది.

“నానమ్మను అడుగుండ్రి, ఆమె లెక్క రాసింది” అంది రూతు. తరువాత నా వైపు తిరిగి, “లావున్నప్పుడు ఒక్కరు మెచ్చుకోలె. బక్కగైనంక ఫోన్ల వాళ్లు మెచ్చుకున్నరు, చర్చిల నువ్వు మెచ్చుకున్నవ్” అంది.

ఆ మంచం పక్కనే మోకరించాను. “తండ్రీ, నీవు చేసిన ముఖాన్ని ఈ బిడ్డ అసహ్యించుకొంటుంటే నేను ఆ అసహ్యానికే నీ పేరు పెట్టాను. నన్ను క్షమించు, ఈ బిడ్డను నాకు ఇవ్వు.”

గంజి తెచ్చారు. రూతు మూతి తిప్పుకొని, “నువ్వు తింటే తింట” అంది. యాభై రెండేళ్లలో శుక్రవారపు ఉపవాసాన్ని పట్టపగలు విడవడం నాకు అదే మొదలు. నేను తిన్నాను, నన్ను చూస్తూ అది ఏడు చెంచాలు తిన్నది. దేవునికే మహిమ!

ఇప్పటికీ కొన్నిరోజులు పళ్లెం పక్కకు జరుపుతుంది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతూనే ఉన్నాను, ప్రార్థిస్తూనే ఉన్నాను. అమ్మలారా, మీ బిడ్డ ఆకలితో ఉంటే మెచ్చుకోకముందు పక్కన కూర్చొని ఎందుకని అడగండి. ఆమె చెప్పేదానికి భయపడకండి, ఆ మాట వినడానికి ప్రభువు మనకంటే ముందే అక్కడ కూర్చొని ఉంటాడు.