సరోజనక్క నీళ్లు పోసిన గుంత

పదకొండేళ్లు ఒక గుంతను మోశాను. గుంతను ఎవరైనా మోస్తారా అని నవ్వకండి. నేను మోశాను. నిచ్చెన ఎక్కుతూ మోశాను, పెళ్లిళ్లలో భోజనం చేస్తూ మోశాను. "ఈయన చేస్తే పని గట్టిగుంటది" అని నలుగురూ మెచ్చుకున్నప్పుడు మరీ బరువుగా ఉండేది. పేరు చెప్పను. సూర్యాపేటలో కరెంటు పని చేస్తాను, అంతవరకు చాలు. మీరు నాకు ఏమీ కారు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

అది వడ్ల వ్యాపారం చేసే ఒక సేటు ఇల్లు. ఆయన భార్యను సరోజనక్క అందాం. ఇంటి వెనక పెరడు దాటాక విడిగా కారు షెడ్డు ఉంది. దానికి ఇనుప షట్టరు, లోపల కారు కడగడానికి ఒక మోటారు. ఆ షెడ్డుకు మొదట వైరింగు చేసింది నేనే, ఎర్తింగ్ గుంత తీసిందీ నేనే. ఎక్కడైనా కరెంటు కారితే అది మనిషి ఒంట్లోకి పోకుండా నేలలోకి దిగిపోవాలి, అందుకే ఆ గుంత. ఎనిమిది అడుగుల పైపు నిలువునా దింపాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు వేయాలి. ఎండాకాలం తడి ఆరకుండా నీళ్లు పోస్తుండాలి.

రెండున్నర అడుగులకే బండ తగిలింది. గుంతను పక్కకు జరిపి మళ్లీ తవ్వాలి. ఆ రోజే మిర్యాలగూడలో మా బామ్మర్ది నిశ్చితార్థం. ఇంట్లోవాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు. సేటు ఊళ్లో లేడు. పైపును రంపంతో కోసి, రెండున్నర అడుగుల ముక్క పాతి, చుట్టూ సిమెంటు కట్టి మూత పెట్టాను. చూడ్డానికి ఎంత చక్కగా ఉందో! వచ్చే వారం సరిచేద్దాం అనుకున్నాను. ఆ వచ్చే వారం ఎప్పటికీ రాలేదు.

ఇంతవరకు ఒట్టి బద్ధకం. అసలు తప్పు తర్వాతది.

మరుసటి ఎండాకాలం సరోజనక్క పిలిపించింది. షట్టరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందట. చూశాను. మోటారు కరెంటు వదులుతోంది, నా ముక్క పైపు దాన్ని నేలలోకి లాగలేకపోతోంది. మోటారు బాగు చేశాను. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? సేటు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎర్తింగ్ ఉన్నది గదా, మరి షాక్ ఎందుకు కొడుతున్నది?" అని అడిగాడు.

"గుంతల నీళ్లు పోస్తలేనట్టున్నది అక్క," అన్నాను.

ఆ ఒక్క మాట. అనాలని ముందే అనుకున్నానా, భయంతో నోరు జారిందా అని ఎన్నిసార్లో నన్ను నేనే అడిగాను, ప్రతిసారీ నాకు అనుకూలమైన జవాబే వచ్చింది, అందుకే ఆ జవాబును నమ్మడం మానేశాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కరెంటుకు ఏమైనా తప్పు సరోజనక్కదే. ఫ్యాను ఆగినా, బల్బు మాడినా, "నీళ్లు పోసినవా?" అనేవాడు సేటు. పాపం, మోకాళ్ల నొప్పులతోనే పెరడు దాటి రోజూ బిందెడు నీళ్లు పోసేది. నేను పనికి వెళ్తే చాయ్ ఇచ్చి, ఇంకో బిందె పోయాల్నా తమ్మీ అని అడిగేది. సరిపోతది అక్కా అనేవాణ్ని. మోటారు మళ్లీ కరెంటు వదిలితే ఒక్క తడి చెయ్యి చాలు, ఆమె ప్రాణం పోవడానికి. ఆ సంగతి తెలిసి కూడా ఆ చాయ్ నాకు ఎలా మింగుడుపడింది? పడింది. దాచి లాభం లేదు.

ఈ మధ్య సేటు కరెంటు కారు కొన్నాడు. కోదాడ, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే మనిషి, డీజిలు పోయించీ పోయించీ విసిగిపోయాడు. షెడ్డులోనే చార్జింగు కావాలన్నాడు. పాత సన్న వైరు ఆ లోడు తట్టుకోదు. లోడు పెంచడానికి దరఖాస్తు పెట్టించాను. త్రీ ఫేజ్ మీటరు వచ్చింది. పెరట్లో కాలువ తవ్వి, మీటరు దగ్గర్నుంచి షెడ్డు దాకా లావుపాటి కేబులు వేశాను. కొత్త బోర్డు బిగించాను. పని ముచ్చటగా వచ్చింది. ఎర్తు మాత్రం పాత గుంతకే కలిపాను. కొత్త గుంత తీస్తానంటే పాతదానికి ఏమైందని సేటు అడుగుతాడు కదా. పదకొండేళ్ల తర్వాత కూడా అదే భయం, అదే మనిషిని.

చార్జరు బిగించడానికి కోదాడ నుంచి ఒకాయన వచ్చాడు. ప్లగ్గు కారుకు పెట్టగానే ఎర్ర లైటు. తీసి పెట్టినా ఎర్ర లైటే.

"ఎర్త్ సరిగ్గా లేదండీ. అది లేకపోతే ఇది కరెంటు ఇవ్వదు," అన్నాడాయన.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ డబ్బా పట్టేసింది.

సేటు నా వైపు చూడనే లేదు. నేరుగా భార్య వైపు తిరిగాడు. "నీళ్లు పోసినవా లేదా?"

"రోజూ పోస్తనే ఉన్న. మొన్న మునగాలల చెల్లె ఇంటికి పోయిన గదా, ఆ రెండు రోజులే పోయలే," అని తలవంచుకుంది. "నాదే తప్పు."

పదకొండేళ్లలో నా నోటికి రాని మాట ఆమె నోట ఎంత సులువుగా వచ్చింది!

కోదాడ ఆయన వెళ్లిపోయాడు, సేటు ఇంట్లోకి నడిచాడు. నేను గడ్డపారతో సిమెంటు పగలగొట్టి పైపు ముక్క బయటికి లాగాను. సరోజనక్క చూస్తూ నిలబడింది. అంతా చెప్పాను. బండ తగలడం, నిశ్చితార్థం, రంపం, కావాలనే ఆమె మీదికి తోసిన మాట. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది తమ్మీ? ఆ మాట ఎవరి ముందట అన్నవో, ఆయన ముందటనే చెప్పు."

వెళ్లాను. ఆమె కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె వింటుండగానే సేటుకు చెప్పాను. సేటు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టాలి కూడా. భార్యతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బండ లేని చోట కొత్త గుంత తీశాను. సేటు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని పైపును రెండుసార్లు కొలిపించాడు. ఇప్పుడు కారు చక్కగా చార్జింగు ఎక్కుతోంది.

సరోజనక్క నాతో మాట్లాడదు. ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. ఇన్నేళ్ల మాటలు ఆమె పడ్డవి పడ్డట్టే ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. బరువు దిగింది నాకు మాత్రమే. ఇది న్యాయమా? కాదు. కాదని తెలిసి కూడా హాయిగా ఉన్నాను, ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది. ఇలా హాయిగా ఉండటం కూడా తప్పేనేమో. అదీ ఒప్పుకుంటున్నాను.