జ్ఞానులు ఎందరో రాయలేదు

మొన్న పులివెందులలో జల్లు పడుతుంటే మందుల అంగడి రేకుల కింద నిలబడ్డాను. కాసేపటికి ఒక గొర్రెల కాపరి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. భుజాన తడిసిన గొంగడి. ఆ వాసన తగలగానే అక్కడున్న నలుగురూ అటు జరిగారు, నేను మాత్రం ఇటు జరిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చూడడా మరి! చేతిసంచీ, గొడుగు పట్టుకున్న టీచరమ్మ గొంగడి వాసన కోసం దగ్గరికి రావడమేమిటి? తడిసిన ఉన్ని, పొగ, మంద కలిసిన ఆ వాసన వస్తే నాకు క్రిస్మస్ వచ్చినట్టేనని, దీనమ్మవ్వ పక్కన కూర్చున్నట్టేనని ఆయనకు ఎలా చెప్పను!

దీనమ్మవ్వను మీరెవరూ చూసి ఉండరు. ముద్దనూరు అవతల, థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించేంత దూరంలో ఉన్న చిన్న పల్లె ఆమెది. పుట్టినింటి వాళ్లు గొర్రెల కాపర్లు. పెళ్లయి వచ్చాక చర్చికి పోవడం అలవాటై, చివరికి ఆ పల్లెలో ఆదివారం పిల్లల బడి ఆమె చేతికే వచ్చింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. రోజూ సాయంత్రం ఎవరో ఒక పిల్లను పట్టుకుని యేసు పుట్టుక ఉన్న అధ్యాయాలు చదివించుకునేది. అలా వినీ వినీ ఆమెకు ముక్క పొల్లు పోకుండా వచ్చేశాయి. నేనేమో ప్రొద్దుటూరులో పుట్టి పెరిగి, అప్పుడే టీచర్ ట్రైనింగు ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఇరవై రెండేళ్ల పిల్లను. జమ్మలమడుగు అయ్యగారు (మా వైపు పాస్టరును అలాగే అంటాం) మా నాన్నకు స్నేహితులు. "ఊరికే కూర్చోవడం ఎందుకమ్మా, పల్లెల్లో ఆదివారం బడులు ఎట్లా నడుస్తున్నాయో చూసి నాకు రిపోర్టు రాసివ్వు" అన్నారాయన. రిపోర్టు అన్న మాట వినగానే నాకు కొమ్ములు మొలిచాయి.

నేను మొదట వెళ్లింది ఆ పల్లెకే. రేకుల గదిలో చాప మీద ఏడుగురు పిల్లలు, వాళ్ల మధ్య గొంగడి కప్పుకుని దీనమ్మవ్వ. అప్పుడు డిసెంబరు దగ్గరపడింది కాబట్టి బెత్లెహేము ప్రయాణం నడుస్తోంది. "మరియమ్మ నిండు చూలాలు గదా, అంత దూరం దేని మీద పోయింది?" అని అడిగింది. "రాయలేదవ్వా!" అని ఏడుగురూ రేకులు ఎగిరిపోయేలా అరిచారు. "పాకలో ఆవులు ఎన్నుండాయి?" "రాయలేదవ్వా!" "గొర్రెలోళ్లు మందను ఇడిసిపెట్టి పరిగెత్తినారు గదా, మందను ఎవురు సూసుకున్యారు?" "రాయలేదవ్వా!" అరిచిన ప్రతిసారీ ఆమె ముఖం వెలిగిపోయేది. నాకు ఒళ్లు మండింది. ఇదేం చదువు? ఉండబట్టలేక "గాడిద మీద పోయింది అవ్వా" అన్నాను. ఆమె నా వైపు తిరిగి "యాడ రాసినారు పాపా?" అంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే. "బొమ్మల్లో అంతటా గాడిద ఉంటుంది కదా!" అన్నాను. "బొమ్మేసినాయప్ప సూసినాడా?" అందామె. పిల్లలు కిసుక్కున నవ్వారు. నా పరువు ఆ చాప మీదే పోయింది.

బడి అయ్యాక అడిగాను, పిల్లలకు ఏదో ఒక జవాబు చెప్తే వాళ్లకు తృప్తిగా ఉంటుంది కదా అని. ఆమె కాళ్లు చాపుకుని, మోకాళ్లు ఒత్తుకుంటూ చెప్పింది. "నేను ఈళ్లంత ఉన్నప్పుడు పొద్దుగూకి మందను తోలుకొచ్చినా. అన్నీ వచ్చినాయా మ్మే అని మా నాయన అడిగినాడు. వచ్చినాయి నాయనా అన్న్యా. లెక్కేసుకోలేదు. అబద్ధమాడాలని కాదు పాపా, వచ్చే ఉంటాయిలే అనుకున్యా. ఆయప్ప నా మాట నమ్మి దొడ్డికి తడిక కట్టేసినాడు. ఒక గొర్రెపిల్ల బయటే మిగిలిపాయ. తెల్లారి పోయి సూస్తే రోంత ఉన్ని దొరికింది, అంతే. పిల్లోళ్లు గూడా మా నాయన మాదిరే. మనం చెప్పింది నమ్మి తడిక కట్టేసుకుంటారు." ఆమె మాట నాకు నచ్చింది, అది దాచను. నచ్చినా, ఇంటికొచ్చి రిపోర్టులో "ఈమెకు చదువు రాదు, పిల్లలకు జవాబులు నేర్పడం లేదు, ఈ బడిని వేరొకరికి అప్పగించడం మంచిది" అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. అయ్యగారు చదివి, సరే, పండగ కానిచ్చి మారుద్దామన్నారు.

తర్వాతి వారం పల్లెల పిల్లలందరికీ జమ్మలమడుగులో పరీక్ష పెట్టాం. ప్రశ్నలు నావే, దిద్దడం నాదే. "యేసును చూడవచ్చిన జ్ఞానులు ఎందరు?" అన్న ప్రశ్నకు ఊళ్లన్నీ ముగ్గురని రాశాయి. దీనమ్మవ్వ పిల్లలు ఏడుగురూ "రాయలేదు" అని రాశారు. పరీక్షలో కూడా పొగరేనా అనుకుని ఏడు కాగితాల మీదా ఎర్రగా కొట్టేసి, పైన "కాపీ" అని రాసి పంపాను. ఎంత హాయిగా రాశానో ఇప్పటికీ గుర్తుంది, సిగ్గుగానూ ఉంది.

నాలుగో రోజు నేను చర్చి పక్క గదిలో పిల్లల నాటకం కోసం బంగారు కాగితంతో జ్ఞానులకు కిరీటాలు కత్తిరిస్తున్నాను. మూడు. బయట తుంపర. తలుపు దగ్గర గొంగడి వాసన వచ్చింది, వెనకే దీనమ్మవ్వ వచ్చింది. బస్సెక్కి ఒక్కతే వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బైబిలు తీసి నా ముందు పెట్టింది. మార్కుల పంచాయితీ అనుకుని నేను ముఖం గంటు పెట్టుకున్నాను. "కాపీ అని రాసినావంట. పోనీలే, నీకట్లా అనిపించింటాది. నేను దానికి రాలేదు పాపా. ముగ్గురని యాడుందో రోంత సదివి ఇనిపించు. పిల్లోళ్లు సదివేటప్పుడు నేను కునికినానేమో. ఇన్నేండ్లూ తప్పు చెప్పినానేమో అని నాకు అన్నం సయించడంల్యా" అంది.

"అదెంత పని అవ్వా!" అని దర్జాగా తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. తూర్పు దేశం నుంచి జ్ఞానులు వచ్చారని ఉంది. ఎందరో లేదు. నా గొంతు తగ్గింది. పేజీ తిప్పాను, వెనక్కి తిప్పాను. నక్షత్రం ఉంది, రాజు ఉన్నాడు, వాళ్లు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం ఉన్నాయి. ముగ్గురన్న మాట మాత్రం లేనే లేదు. "కానుకలు మూడు కదా అవ్వా, అందుకని..." అన్నాను. "మూడు తెచ్చినోళ్లు ముగ్గురే ఉండాల్నా? మొన్న పెండ్లికి మేం పదిమందిమి పోయి ఒక్క బిందె ఇచ్చినాం" అందామె. లేదవ్వా, తప్పు నాదే అంటే రెండు క్షణాల్లో తీరిపోయేది. అది అనకుండా, "పెద్ద బైబిల్లో చూసి చెప్తాలే" అన్నాను. పెద్ద బైబిల్లో వేరే రాసుంటుందా, నా మొహం! ఆమె నన్ను కాసేపు చూసి, "సరే పాపా, సూసి చెప్పు" అని పుస్తకం మళ్లీ చుట్టుకుని తుంపరలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ బైబిలు చూశాను, నాన్నది చూశాను, ఫోన్లోనూ వెతికాను. ఎక్కడా లేదు. తర్వాత తొమ్మిది రోజులు నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. ఒప్పుకుంటే నా ప్రశ్న తప్పు, నా దిద్దుడు తప్పు, నా రిపోర్టూ తప్పే. అక్షరం రాని మనిషి చేతిలో ఓడిపోయానని ఊరంతా అనుకుంటుంది. ఒప్పుకోకపోతే పండగ కాగానే ఆమె బడి ఆమెకు ఉండదు. అన్నం సయించడం లేదన్న ఆమె మాట గుర్తొచ్చి నాకూ ముద్ద దిగేది కాదు. అయినా కదల్లేదు.

పండగ ముందరి ఆదివారం జమ్మలమడుగు చర్చిలో బహుమతులు. పల్లెల జనమంతా వచ్చారు. ఆడవాళ్ల వైపు చాపల మీద దీనమ్మవ్వ, ఆమె చుట్టూ ఆ ఏడుగురు. నేను పేర్ల కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. మొదటి పేరు చదవబోయి, కాగితం మడిచేశాను. ఎలా వచ్చిందో ధైర్యం, "నేనొక తప్పు చేశాను" అన్నాను. ఆ తర్వాత ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదని, సరిగ్గా రాసింది ఆ ఏడుగురేనని, వాళ్లు కాపీ కొట్టలేదని, వాళ్లకు నేర్పిన మనిషి విన్నంత శ్రద్ధగా నేను చదవలేదని. దీనమ్మవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇంత ఊపిరి వదిలింది. అయ్యగారు కళ్లజోడు తగిలించుకుని బైబిలు తెరిచి, పెదవులు కదుపుతూ అంతా చదువుకున్నారు. తల ఎత్తి, "ఇన్ని క్రిస్మసులు ఇక్కడే నిలబడి ముగ్గురు ముగ్గురని చెప్పాను, ఒక్కరూ అడగలేదే!" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి దీనమ్మవ్వ గొంతు వినిపించింది: "అడుగుదామనుకున్యా అయ్యగారూ, మీరు మధ్యలో యాడ ఆపుతారు!" చర్చి పగలబడి నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయ్యగారు ఆ సాయంత్రమే నా రిపోర్టు నా చేతికిచ్చి, మళ్లీ రాసుకురమ్మన్నారు. ఈసారి ఒక్క వాక్యమే రాశాను, ఈ బడిని ఎవరూ కదిలించవద్దని.

ఇక పండగనాటి నాటకం. కిరీటాలు మూడే ఉన్నాయి, జ్ఞానులు ఎంతమంది కావాలి అన్న చిక్కు వచ్చిపడింది. "రాయలేదు గదా పాపా, ఉన్నోళ్లంతా పోనీ!" అని దీనమ్మవ్వ తేల్చేసింది. బంగారు కాగితం మళ్లీ తెచ్చి నాలుగు కిరీటాలు చేశాం. ఏడుగురు జ్ఞానులు వరసగా వచ్చారు, ముగ్గురి చేతుల్లో పెట్టెలు, నలుగురివి ఉత్త చేతులు. ముందు వరసలో ఎవరో "వీళ్లు నలుగురూ ఏం తెచ్చినారప్పా?" అని అడిగారు. చివర నిలబడ్డ బుడతడు కిరీటం సర్దుకుని "రాయలేదు!" అని అరిచాడు. ఆ రోజు నవ్వినట్టు నేను మళ్లీ నవ్వలేదు.

నాటకం అయ్యాక ఆమెనూ పిల్లలనూ బస్టాండు దాకా దిగబెట్టాను. పిల్లలు శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. నాలో ఇంకొకటి మిగిలిపోయి ఉంది. చర్చిలో తప్పు ఒప్పుకున్నాను గానీ, ఆ తప్పు ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు. "అవ్వా, నువ్వొచ్చి అడిగిన రోజే నాకు తెలిసిపోయింది, లేదని. తెలిసీ చెప్పలేదు. తొమ్మిది రోజులు నీకు అన్నం సయించకుండా చేశాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నాకేమైంది? ఆ పొద్దే ఇంటికి పోయి కడుపునిండా తిన్యా" అందామె. "సదువుతా సదువుతా నీ గొంతు తగ్గిపాయ. సేతులు వణికినాయి. ఉండింటే సూపించకుండా పంపుతావా నువ్వు!"

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? అయ్యగారినైనా అడగొచ్చు కదా?"

"నేను చెప్పేదేంది? అది నువ్వు చెప్పాల్సింది. చెప్తుందిలే అని కుచ్చున్యా. తొమ్మిది పొద్దులు కుచ్చోబెట్టినావు గదమ్మా! ఈ పిల్ల చెప్పకుండానే పోతాదేమో అని, నాకు అదొక్కటే దిగులైపాయ."

అప్పుడు తెలిసింది, చర్చిలో ఆమె వదిలిన ఊపిరి ఎవరి కోసమో. బస్సు వచ్చింది, ఏడుగురినీ లెక్కపెట్టి ఎక్కించి తను చివర ఎక్కింది. నేను బస్టాండులో నిలబడి, ఇన్ని రోజుల బరువు దిగిపోయి, గాఢంగా గాలి పీల్చుకుని వదిలాను.

ఆమె పోయి మూడేళ్లయింది. నేను పులివెందులలో బడిపంతులమ్మను. తరగతిలో ఏదో పగులుతుంది, ఎవరో చూసి రాస్తారు, ఒకరి పుస్తకం ఇంకొకరి సంచిలోకి పోతుంది. ఎవరి చేతులు వణుకుతున్నాయో కనిపిస్తూనే ఉంటుంది. నేను అడగను. బడి వదిలాక కాగితాలు సర్దుకుంటున్నట్టు నా గదిలోనే కూర్చుంటాను. ఇంటికి పోరా మేడమ్ అని తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. కొందరు పిల్లలు రారు, దిగులు పడతాను. చాలామంది వస్తారు. తలుపు పట్టుకుని నిలబడి, చెప్పేసి, భుజాలు దించి ఇంత ఊపిరి వదులుతారు. అప్పుడు నేనూ లేచి ఇంటికి పోతాను.