ఓడలో ఎంతమంది?

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో మా ఆఫీసులో గ్లిసేరియా తుములాక్ అని ఒకామె ఉండేది. కంప్యూటర్ ప్రోగ్రామ్ రాయకముందే, అది ఏమేం చెయ్యాలో వాడేవాళ్లను అడిగి రాసిపెట్టడం ఆమె పని. నలభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడేది.

ఆ ఏడు ఒక ఓడల కంపెనీ పని వచ్చింది. టికెట్లవాళ్లు, సరుకులవాళ్లు, ఓడ అధికారులు ఎవరి అవసరాలు వాళ్లు చెప్పారు. మనుషుల లెక్క వచ్చిన చోటల్లా గ్లిసేరియా ఆకుపచ్చ గీత గీసింది. తీరా చూస్తే ప్రతి పేజీలోనూ ఆకుపచ్చే. టికెట్లవాళ్లకు డబ్బు కట్టినవాడే మనిషి. సరుకులవాళ్లకు డ్రైవరు లారీలో భాగం. ఒళ్లో పసిపిల్లలు ఎవరి లెక్కలోనూ లేరు.

"ఈ మనుషుల లెక్కను మిగతావాటిలోంచి విడదీసి రాయాలి సార్. బాధ్యత ఒక్కరికే ఉండాలి," అంది మా మేనేజరుతో. ఆయన పేరు యాప్.

"ముగ్గురు లెక్కపెడుతున్నారు కదమ్మా, చాలదా? నువ్వలా పీకి పాకాన పెడుతుంటే ప్రోగ్రామ్ ఎప్పటికి రాస్తాం?"

గ్లిసేరియా కంపెనీవాళ్లను రేవుకు పిలిచి, బయల్దేరబోతున్న ఓడ చూపించి, అందులో ఎంతమంది ఉన్నారని అడిగింది. తలా ఒక అంకె చెప్పారు.

"నువ్వు బియ్యం బస్తాలు చూసుకోవయ్యా, మనుషుల సంగతి నీకెందుకు?" అన్నాడు టికెట్ల పెద్ద.

"మరి నా డ్రైవర్లు ఈదుకుంటూ వస్తున్నారా?" అన్నాడు సరుకులాయన. అందరూ నవ్వారు.

కెప్టెన్ తర్వాతి అధికారి లుమాయగ్ మాత్రం నవ్వలేదు. "ఓడకేమైనా అయితే నేను ఎవరి లెక్క పట్టుకుని వెతకాలి?" అన్నాడు.

మనుషుల లెక్కను విడదీసి లుమాయగ్‌కు అప్పగించారు. ఎక్కేచోట ప్రతి తలనూ లెక్కించి లుమాయగ్ సరేనంటేనే తాడు విప్పాలి. ఇదంతా తిరగరాయడంతో పని ఆలస్యమైంది. గ్లిసేరియాకు ఆ ఏడు ప్రమోషన్ రాలేదు.

మరుసటి వానాకాలం ఆ ఓడ ఇసుకమేటకు తగిలి ఒరిగింది. అందరినీ పడవల్లోకి దింపాక లుమాయగ్ లెక్కకు ఒకరు తగ్గారు. ఓడంతా వెతికించాడు. కింద లారీ క్యాబిన్‌లో, వాంతులకు మాత్ర వేసుకుని ఒక డ్రైవరు భార్య మత్తుగా నిద్రపోతోంది. ముందు పడవలో వెళ్లిపోయిందనుకున్నాడు మొగుడు. ఆమెను లేపి పడవెక్కించారు.

లుమాయగ్ ఫోన్ చేసేసరికి గ్లిసేరియా ఆఫీసులో అన్నం తింటోంది.

"ఆవిడ బాగుందా?" అని అడిగింది. ఫోన్ పెట్టేశాక సగం తిన్న డబ్బా మూసేసింది. వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చింది.

"ఏంటమ్మా, ఏమైంది?" అన్నాడు యాప్.

"ఏం లేదు సార్. లెక్క సరిపోయిందట."

తర్వాత సంగతంతా తెలిసింది. కొత్త కస్టమర్లు ఎవరొచ్చినా యాప్ ఇదే చెప్పేవాడు, ఆలోచన తనదే అన్నట్టు. పక్క గదిలో గ్లిసేరియా వింటూనే ఉండేది. వింటూనే కొత్త పని కాగితాల మీద ఆకుపచ్చ గీతలు గీసేది.