దేవానందం రాయలేని మాట

నరసరావుపేటలో మా పక్క వాటాలో ఉండే దేవానందం ఫ్లెక్సీ షాపులో డిజైనరు. పిల్లకు ఓణీల వేడుక జరిగినా, నాయకుడి పుట్టినరోజు వచ్చినా, ముసలాయన పోయినా, కరెంటు స్తంభానికి ఎక్కే బొమ్మ ముందుగా అతని కంప్యూటర్లో తయారవ్వాల్సిందే. సొంతూరు నకరికల్లు. కుర్రతనంలో గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక కుంచె పక్కన పెట్టి మౌసు పట్టాడు.

క్రైస్తవ కుటుంబాలవాళ్లు ఏరికోరి అతని దగ్గరికే వస్తారు. ఎవరైనా పోతే జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ కావాలి. ఫొటో వెనక తెల్లమబ్బులు, పైకి వెళ్లే మెట్లు, మూలన పావురం. కింద రెండు వరసలు: జననం, మహిమ ప్రవేశం. మరణం అని ఎవరూ రాయించరు. తల్లి పోయిన కొడుకెవరైనా కళ్లు తుడుచుకుంటూ నిలబడితే, దేవానందం ఆ రెండో వరస టైపు చేసి, స్క్రీను అతని వైపు తిప్పి, "చూడన్నా, అమ్మ చచ్చిపోలా. ఇల్లు చేరింది" అనేవాడు. ఆ మాట అతను నమ్మే అనేవాడు. వచ్చినవాళ్లు కూడా కాస్త తేలికపడి వెళ్లేవాళ్లు.

కిందటేడు వానాకాలంలో అతని కొడుకు జోయెల్ డెంగీతో పోయాడు. ఎల్‌కేజీ పిల్లాడు. కొన్ని రోజులుగా ఉన్న జ్వరం ఆ పొద్దున తగ్గింది. షాపులో అర్జంటు పని మీద ఉన్న దేవానందానికి భార్య సలోమి ఫోన్ చేసింది. "ఒళ్లు చల్లబడింది గానీ పిల్లోడు మత్తుగా ఉండాడయ్యా. కడుపునొప్పంటన్నాడు. ఆస్పత్రికి పోదాం రా" అంది.

"జొరం తగ్గిందిగా, ఇంకేంది? సాయంత్రం పోదాంలే" అన్నాడు.

సలోమి మధ్యాహ్నం దాకా చూసి, ఒక్కతే ఆటోలో తీసుకెళ్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గాకే మొదలవుతుందని, అప్పుడు రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోతుందని, చదువుకున్నవాళ్లు కూడా అక్కడ పొరబడతారని అతనికి వివరించాను. ఓదార్పు అనుకున్నాను. అతను అంతా విని, "అంటే పొద్దున్నే పోయుంటే బతికేవాడు గదా మేడం" అన్నాడు. అప్పటినుంచి మా చంటిపాప నుదురు కాలినా భయమే, చల్లగా ఉన్నా భయమే.

దేవానందం మళ్లీ పనిలోకి వెళ్లాడు. ఇతరుల ఫ్లెక్సీల మీద ఆ రెండో వరస టైపు చేస్తూనే ఉన్నాడు. కానీ స్క్రీను ఎవరి వైపూ తిప్పడం మానేశాడు.

ఈ ఏడు మా పాప మొదటి పుట్టినరోజు వచ్చింది. పసిపిల్ల ఫొటో అతని చేతిలో పెట్టడానికి మనసొప్పక వేరే షాపు చూసుకుందాం అనుకున్నాను. అతనే పిట్టగోడ అవతలి నుంచి అడిగాడు: "పాప బొమ్మ పంపలేదేంది మేడం? మేనమామ లాంటోణ్ణి నేనుండగా ఇంకోడు చేస్తాడా?"

శనివారం పొద్దున షాపుకు వెళ్లేసరికి ప్రింటింగ్ మిషను నడిపే జాన్ సాహెబ్ గొణుగుతున్నాడు. "పాపది చిన్న సైజు, పక్కన సగం రోలు ఖాళీ. ఇంకోటేదన్నా పెట్టు భాయ్. ఇట్టా వేస్టు చేస్తే ఓనరు నా తోలు ఒలిచి దాని మీద ప్రింటు కొట్టమంటాడు."

"నీ తోలు మీద సిరా నిలవదులే" అన్నాడు దేవానందం.

అంతలో సలోమి లోపలికి వచ్చింది. మర్నాడు నకరికల్లులో జోయెల్ ఏడాది కూడిక.

"ఏమయ్యా, అయిందా?"

"అవుతంది."

"వారం నించీ అవుతానే ఉంది. ఇటు తిప్పు, చూస్తా."

స్క్రీను తిప్పాడు. మబ్బులు, మెట్లు, పావురం. మధ్యలో స్కూలు బెల్టు పెట్టుకుని నవ్వుతున్న జోయెల్. జననం పక్కన తేదీ ఉంది. దాని కింద ఖాళీ.

"ఊరందరికీ రాశావే, మనోడికి రాయవా?"

దేవానందం కీబోర్డు పక్కకు నెట్టాడు. "రాయలేనే. ఆ మాట రాస్తే దేవుడు పిలుచుకున్నాడని అయిపోద్ది. పిలిచింది ఆయన కాదు. సాయంత్రం పోదాంలే అని నేనే పంపిచ్చా. నా తప్పు తీసకపోయి ఆయన మీద పెట్టి, పైన మబ్బులెయ్యమంటావా?"

జాన్ సాహెబ్ రోలు ఎక్కించడం ఆపేశాడు.

"తప్పు నీదేనయ్యా" అంది సలోమి. "కాదని నేనెప్పుడన్నా అన్నానా? నాదీ ఉంది. పొద్దున్నే ఆటో ఎక్కకుండా నీ కోసం ఎదురుచూస్తా కూర్చున్నా. బతికినన్నాళ్లు మోద్దాం. క్షమించమని ఆయన్నే అడుక్కుందాం. కానీ ఆ వరస నీ గురించి కాదు గదా, వాడి గురించి. నువ్వు తప్పు చేశావని వాణ్ణి గుమ్మం బయటే నిలబెడతావా?"

దేవానందం కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఎప్పుడూ గబగబా టైపు చేసే మనిషి, ఒక్కొక్క అక్షరం గోడ మీద రాస్తున్నట్టు నింపాదిగా ఆ రెండు మాటలూ కొట్టాడు. పక్కన తేదీ వేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మేడం, పాప పక్కనే మావాడిది పెడితే ఒకేసారి వచ్చేస్తాయి. మీకు ఇష్టం లేకపోతే వద్దు."

సైన్సు చదువుకున్నదాన్ని. ఒక రోలు మీద రెండు బొమ్మలు పక్కపక్కన అచ్చయితే ఏ పిల్లకూ ఏమీ కాదని తెలుసు. అయినా "పెట్టండి" అనే ముందు ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడాన్ని సలోమి చూసింది. తర్వాత ఎన్నిసార్లు ఆమె ఎదురుపడ్డా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మిషను కదిలింది. పాప టోపీ, జోయెల్ జుట్టు, ఇద్దరి నవ్వులూ కొంచెం కొంచెంగా బయటికి వచ్చాయి. చివర్లో ఆ వరస వచ్చింది. దేవానందం లేచివెళ్లి కొడుకు చెంప మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోబాక భాయ్, తడి ఉంది" అన్నాడు జాన్ సాహెబ్ మెల్లగా.

చెయ్యి వెనక్కి తీసుకుని, ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు షాపుకు ఎవరైనా కన్నీళ్లతో వస్తే, మళ్లీ స్క్రీను వాళ్ల వైపు తిప్పుతున్నాడు. ఇల్లు చేరింది అనే ఆ పాత మాట మాత్రం ముందుగా అనడం లేదు. స్టూలు దగ్గరికి జరిపి కూర్చోమంటాడు. వాళ్లు చెప్పేది చెప్పుకోవడం అయ్యాకే రెండో వరస టైపు చేస్తాడు.